కొత్త మెషీన్ కంటే ముందు కావాల్సింది ఒక మనిషి టైము

చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో షెడ్డు నడుపుతున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. పది పన్నెండు మంది పనిచేసే చోట వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే, లోహాన్ని చెక్కే మెషీన్) కొనడమే ఒక పెద్ద ప్రాజెక్టు. అది దెబ్బతింటే డబ్బు చాలలేదని అంటారు. అంతకన్నా ముందు చాలకుండా పోయేది పని తెలిసిన మనిషి టైము. డెలివరీలు, క్వాలిటీ, కస్టమర్ ఫోన్లు అన్నీ చూసుకునే సూపర్‌వైజర్‌కే మెషీన్ పని కూడా అప్పజెబుతాం. రోజువారీ అర్జెంటు ముందు అది ఎప్పుడూ రేపటికి పోతుంది.

అందుకే కొటేషన్ తెప్పించకముందే అతనికి వారానికి పది గంటలు విడిగా పెట్టండి. పన్నెండు వారాలకు 120 గంటలు. ఆ గంటల్లో డిస్పాచ్ ఎవరు చూస్తారో పేరు రాసి గోడకు అంటించండి. అలాంటి మనిషి దొరకకపోతే కొనడం వాయిదా వేయడమే మేలు. అదే సమయంలో షెడ్డు మార్చడం, కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం అసలు వద్దు. మూడు పనులూ వాలేది ఆ ఒక్కడి నెత్తినే.

ఆలస్యం ఖరీదు ముందే లెక్కేసుకోండి. 30 లక్షల లోను, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 65 వేలు. మెషీన్ వచ్చి మూడు నెలలు ఊరికే నిలబడితే దాదాపు రెండు లక్షలు పోయినట్టే. ఇక కస్టమర్ల డబ్బు సంగతి: ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం (2006) ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. అయినా ప్లానులో మాత్రం 90 రోజులకు గానీ రాదని వేసుకోండి. ఆ మూడు నెలల జీతాలు, ఈఎంఐ చేతిలో ఉంచుకున్నాకే మెషీన్‌కు అడ్వాన్స్ కట్టండి.

ఎక్కువగా పనిని ఆపేది మెషీన్ కాదు, షెడ్డు. చిన్న వీఎంసీ కూడా నాలుగైదు టన్నులు తూగుతుంది. షట్టర్ ఎత్తు, వెడల్పు టేపు పెట్టి కొలవండి, మెషీన్ కొలతలతో కాదు, ప్యాకింగ్‌తో కలిపి. మెషీన్ దించే హైడ్రా క్రేన్ తిరగడానికి రోడ్డు చాలుతుందా చూడండి. నేల కాంక్రీటు మందం కంపెనీ ఇచ్చిన ఫౌండేషన్ డ్రాయింగ్‌కు సరిపోవాలి. అదనపు కరెంటు లోడు కావాలంటే బెస్కాంకు (బెంగళూరు విద్యుత్ సంస్థ) దరఖాస్తు ఆర్డర్ పెట్టిన వారమే వెళ్లాలి. డిపాజిట్, తనిఖీ అంటూ అది తన దారిన తను నడుస్తుంది, మన తొందర దానికి పట్టదు. ఎర్తింగ్‌కు విడి పిట్టు తవ్వించండి. ఎర్త్ సరిగా లేకపోతే డ్రైవ్ అలారాలు వస్తాయి, కంట్రోల్ బోర్డులు పోతాయి, వారంటీ దగ్గర వాదన మొదలవుతుంది. మెషీన్‌కిచ్చే కంప్రెసర్ గాలి ఒత్తిడి ఆరు బార్ ఉంటే చాలదు, తేమ తీసే డ్రయ్యర్ కూడా ఉండాలి. కంప్రెసర్ గాలిలో తేమ వస్తే సోలెనాయిడ్ వాల్వులు (కరెంటుతో గాలిని వదిలే, ఆపే వాల్వులు) పట్టేస్తాయి. టూల్ మారే మధ్యలో మెషీన్ ఆగిపోతుంది. కారణం దొరక్క ఆపరేటర్ సగం రోజు ప్రోగ్రామ్‌లో వెతుకుతాడు.

కొనుగోలు ఆర్డర్‌లో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: మన దగ్గరున్న కష్టమైన జాబ్ 50 పీసులు, మన డ్రాయింగ్ టాలరెన్స్‌లో (కొలతలో ఒప్పుకునే తేడా లోపల), మన ఆపరేటర్ చేతిమీద ఆగకుండా రావాలి, ఆ తర్వాతే ధరలో చివరి పది శాతం చెల్లింపు. కంపెనీ ఇంజనీరు చేసి చూపించే డెమో పీసు దీనికి లెక్క కాదు. ఈ మాట ఆర్డర్ తర్వాత అడిగితే ఒప్పుకోరు, ముందే అడగాలి.

ట్రైనింగ్‌కు ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒక్కడికే నేర్పిస్తే అతను పక్క షెడ్డుకు వెళ్లిన రోజు మెషీన్ మళ్లీ మొదటికొస్తుంది. వర్క్ ఆఫ్‌సెట్ (జాబ్ ఎక్కడుందో మెషీన్‌కు చెప్పడం) తీసుకోవడం, టూల్ లెంగ్త్ (టూల్ పొడవు) సెట్ చేయడం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఆయుధ పూజ వారం, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే పది రోజులు ఇన్‌స్టలేషన్‌కు తేదీ ఇవ్వకండి.

శనివారం ఇరవై నిమిషాలు ఓనరు, సూపర్‌వైజర్ పనులు రాసిన బోర్డు ముందు నిలబడితే చాలు. ఏది ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటికి కదులుతుంది. అదే పని రెండు శనివారాలు వరసగా ఆగి కనిపిస్తే ఓనరే ఫోను తీయాలి.

మెషీన్ పెట్టిన నెలకు లెవెల్ మళ్లీ చూపించండి. బరువుకు నేల కొంచెం సర్దుకుంటుంది, ఆ తేడా మొదట కనిపించేది బోరు (రంధ్రం) కొలతలోనే.