గర్భానికి ముందు మూడు నెలల తిండి

నాకు ఎండోమెట్రియోసిస్ ఉంది, అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు. పోయిన ఏడాది లాపరోస్కోపీ చేసి, దానివల్ల నా ఎడమ అండాశయం మీద ఏర్పడిన చాక్లెట్ సిస్టును (పాత రక్తం నిండిన తిత్తిని) తీసేశారు. గర్భానికి ప్రయత్నించే ముందు చేయించుకోమన్న రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్ 12.1 ఉందని నేను ఊరట పడుతుండగానే, డాక్టరుగారు కింది వరుసలో 9 అని ఉన్న ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే పరీక్ష) అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. హిమోగ్లోబిన్ తగ్గకముందే ఒంట్లోని ఇనుము నిల్వ అడుగంటుతుందని, ఏళ్ల తరబడి నెలసరిలో అంత రక్తం పోయిన మనిషికి అది ఆశ్చర్యం కాదని చెప్పారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. దాని మీద ఎండోమెట్రియోసిస్ కూడా తోడైతే గర్భం ఏ నిల్వతో మొదలవుతుందో ఆలోచించండి.

అప్పటిదాకా ఈ జబ్బుకు పథ్యమంటే మానేయడమే అనుకున్నాను. పాలు మానెయ్యి, గోధుమ మానెయ్యి అన్నవాళ్లే అందరూ. ఆరు నెలలు పెరుగన్నం లేకుండా గడిపాను. నొప్పి తగ్గలేదు, బరువు మాత్రం నాలుగు కిలోలు తగ్గింది. బిడ్డ కోసం ఒంటిని నింపుకోవలసిన రోజుల్లో నేను దాన్ని ఖాళీ చేసుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది.

తరువాత చదివినవాటిలో నన్ను ఆలోచింపజేసినవి అమెరికాలో 1989లో లక్షకు పైగా నర్సులతో మొదలైన రెండో నర్సుల ఆరోగ్య అధ్యయనం ఫలితాలు. ఆ నర్సులలో 70,709 మంది ఆహారాన్ని పన్నెండేళ్లు గమనించి 2010లో ప్రచురించిన పత్రం ప్రకారం, చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు అందరికంటే ఎక్కువగా తిన్నవారిలో, అతి తక్కువగా తిన్నవారికంటే ఎండోమెట్రియోసిస్ నిర్ధారణ 22 శాతం తక్కువగా ఉంది; ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గట్టిపరిచి వనస్పతిలా చేసేటప్పుడు పుట్టే కొవ్వు) బాగా తిన్నవారిలో 48 శాతం ఎక్కువగా ఉంది. అదే అధ్యయనం నుంచి 2019లో వచ్చిన మరో పత్రం, ఈ జబ్బు ఉన్నవారికి గర్భస్రావం ముప్పు 40 శాతం, గర్భకాలపు మధుమేహం ముప్పు 35 శాతం, రక్తపోటు సమస్యల ముప్పు 30 శాతం ఎక్కువని చెప్పింది. ఇవి పోలికలే, ఈ జబ్బుతోనే ఆరోగ్యంగా బిడ్డలను కన్నవారు ఎందరో ఉన్నారు. పైగా మొదటి పత్రం జబ్బు రావడం గురించి, రెండోది గర్భం గురించి చెప్పినవి కనుక, చేపలు తింటే గర్భం నిలుస్తుందని ఆ రెంటినీ ముడివేసి హామీ ఇవ్వడం తప్పు. నేను తీసుకున్నది ఇంతే: మధుమేహం, రక్తపోటు, రక్తహీనత ఈ మూడింటి విషయంలోనూ తిండి ప్రభావం ఉంటుంది కాబట్టి, ముప్పు ఎక్కువున్న నేను ముందే మొదలుపెట్టాలి.

ఫోలిక్ యాసిడ్ సంగతిలో మాత్రం సందేహానికి తావు లేదు. గర్భం నిలిచిన 28 రోజుల్లోనే బిడ్డ వెన్నుపాముగా మారే నాళం మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్రను కనీసం నెల ముందు నుంచే వేసుకోమంటారు.

ఇక మా వంటింట్లో మారినవి చిన్నవే. అత్తయ్యగారూ నేనూ అన్నం తిన్న చేత్తోనే టీ తాగేవాళ్లం; టీ పప్పులోని, ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదని తెలిసి దాన్ని సాయంత్రం నాలుగు గంటలకు జరిపాము. తోటకూర పప్పు దించాక నిమ్మచెక్క పిండుతున్నాను, ఎందుకంటే అందులోని సి విటమిన్ అదే ఇనుమును పట్టేలా చేస్తుంది. పెరుగు మళ్లీ వచ్చింది, వనస్పతితో చేసిన బేకరీ పఫ్‌లు పోయాయి. ఫెరిటిన్ 9 నుంచి తిండితోనే పైకి రాదని డాక్టరుగారు ఇనుము మాత్రలు కూడా రాశారు. మూడు నెలలకు 31 అయింది.

అమ్మతో వాదన చేపల దగ్గర వచ్చింది. మాది కాకినాడ, బాలింతకు పాలు పడతాయని సొరచేప పుట్టు (పొడికూర) పెట్టడం మా వైపు ఆనవాయితీ. వేరే చేపలను వేటాడి తినే సొరలాంటి పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది, ఒంట్లో చేరితే పోవడానికి నెలలు పడుతుంది. గర్భానికి ప్రయత్నిస్తున్నవారు సొర తినవద్దని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ స్పష్టంగా చెబుతోంది. "అయితే పురిటికొచ్చినప్పుడు నీకేం పెట్టనే?" అని అమ్మ చాలాసేపు చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే రేవుకు వెళ్లి, చిన్న కానాగంతలు ఏరి తెచ్చి, కడిగి పసుపు రాసి డబ్బాలో మా ఇంటికి పంపిస్తోంది.