గాజు ట్యూబే ఎందుకో ఎక్కడా రాసి లేదు

కర్నూలులో పెద్దాసుపత్రులకు వచ్చే రోగులు ఒక్క జిల్లావారు కారు. ఆదోని, పత్తికొండ, ఆత్మకూరు వైపు నుంచే కాక గద్వాల, రాయచూరు నుంచి కూడా వస్తారు. వానలు మొదలయ్యాక వారిలో పాముకాటు కేసులు పెరుగుతాయి. పాముకాటుకు వైద్యం ఏమిటో మన ఆసుపత్రుల్లో ఎవరో ఒకరికి తప్పక తెలుసు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి తెలుసా అన్నదే ప్రశ్న.

రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని పసిగట్టడానికి, రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబులో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషానికి విరుగుడైన ఏఎస్‌వీ ఎక్కిస్తారు. గడ్డకట్టే ప్రక్రియను ఇక్కడ రగిలించేది గాజు ఉపరితలమే కాబట్టి, ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బునీళ్లతో కడిగినదైనా మామూలు రక్తం కూడా నీళ్లలాగే ఉండిపోవచ్చు. అప్పుడు అవసరం లేని మనిషికి ఏఎస్‌వీ ఎక్కుతుంది. దాని రియాక్షను ప్రాణం మీదికి తేవచ్చు గనుకనే పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుంటాం.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రి క్యాజువాలిటీ గోడకు అంటించిన ప్రోటోకాల్‌లో ఈ పరీక్ష పేరుంది, ఏఎస్‌వీ ఎన్ని వయల్స్ (సీసాలు) ఇవ్వాలో ఉంది, గాజు ట్యూబే ఎందుకన్నది మాత్రం లేదు. అది ఒక సీనియర్ సిస్టర్‌కు తెలుసు. "సార్, ఆ ప్లాస్టిక్‌ది వద్దు, గాజుది ఇస్తా ఉండండి" అని కొత్త హౌస్ సర్జన్లకు ఆమే చెప్పేవారు. ఆమెకు బదిలీ అయ్యాక స్టోర్స్ నుంచి ఏ ట్యూబు వస్తే దాంట్లోనే పరీక్ష జరిగింది. హౌస్ సర్జన్లేమో కొద్ది వారాలకే మరో విభాగానికి వెళ్లిపోతారు. వాట్సాప్ గ్రూపుంది కదా అంటారు గానీ, అందులో పెట్టిన డోసు వివరం మర్నాటి శుభోదయాల కింద పడిపోతుంది. నెల తర్వాత దొరికినా, అది ఇప్పటి మాటో పాత మాటో తేల్చి చెప్పేవారుండరు.

పెద్దాసుపత్రి నుంచి కిందికి వెళ్లవలసిన సమాచారం సంగతి ఇంకా అన్యాయం. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు కనిపించకపోవచ్చు, వాపూ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) గ్యాస్ ఇంజెక్షన్ ఇస్తారు, కనురెప్పలు వాలడం మొదలయ్యాక "కడుపునొప్పి, నీరసం" అని రాసి పైకి పంపుతారు. ఇక్కడ వెంటిలేటర్ మీద పెట్టి బతికించిన తర్వాత డిశ్చార్జి సమ్మరీ రోగి చేతిసంచిలో ఇంటికి పోతుంది. పంపిన డాక్టరుకు అది కట్లపాము కాటని తెలిసే దారే లేదు, కాబట్టి మళ్లీ అలాంటి కేసు వస్తే మళ్లీ గ్యాస్ ఇంజెక్షనే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019లో చాలా జబ్బులకు ఒక్కో పేజీలో చికిత్సాక్రమాలను విడుదల చేసింది. మంచి పనే, కానీ మన స్టోర్స్‌లో ఏ ట్యూబులున్నాయో ఢిల్లీలో రాసే కాగితానికి తెలియదు. ప్రతి విభాగంలోనూ ఆ పేజీకి స్థానిక వివరాలు, కారణాలు చేర్చే బాధ్యత ఒకరికి అప్పగించాలి. కాగితం అడుగున వారి హోదా, రాసిన తేదీ, మళ్లీ సరిచూడవలసిన తేదీ ఉండాలి. గడువు దాటిన కాగితాన్ని గోడ మీది నుంచి పీకేసే అధికారం కూడా వారికే ఇవ్వాలి. రిఫరల్ కేసులకైతే డిశ్చార్జి సమ్మరీ రెండో ప్రతి, రోగిని పంపిన పీహెచ్‌సీకి చేరాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రిఫరల్ చీటీ మీద ఆ పీహెచ్‌సీ పేరు ఎలాగూ ఉంటుంది.