బెల్ మోగితే చాప మీదికి: పామ్ మొరుగుడు తగ్గించే పద్ధతి

మన ఇళ్లలో పామ్ (పొమరేనియన్) అని పిలుచుకునే తెల్ల బొచ్చుకుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతివి. పేరేదైనా, ఈ రకం కుక్కలు ఏ చిన్న అలికిడికైనా గొంతెత్తుతాయి. అపార్ట్‌మెంట్‌లో ఆ గుణానికి పొద్దున్నుంచీ పనే పని. పాలవాడు, లిఫ్ట్ తలుపు, ఎదురింటి గొళ్ళెం, కొరియర్, అన్నింటినీ మించి కాలింగ్ బెల్. మిగతావి తర్వాత చూసుకోవచ్చు, ముందు బెల్ సంగతి తేల్చాలి.

కుక్క వైపు నుంచి చూడండి. బెల్ మోగింది, తను మొరిగింది, వచ్చినవాడు ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోయాడు. తను మొరిగినందుకే వెళ్లాడని దానికి రోజుకు పదిసార్లు రుజువవుతోంది. ఇంత బాగా పనిచేస్తున్న అలవాటును అది ఎందుకు మానుకుంటుంది? మనం "ఏయ్, నోర్ముయ్" అని అరిస్తే దాని కంగారు ఇంకా పెరుగుతుంది. పేపరు చుట్టి కొట్టడం, కరెంటు షాకిచ్చే బెల్టు కట్టడం అసలు వద్దు. బెల్ మోగితే నొప్పి అని నేర్చుకున్న కుక్క, గడపలో నిలబడ్డ మనిషిని చూసి మరింత భయపడుతుంది. భయపడ్డ కుక్క కరవొచ్చు. గొలుసు పట్టి మెడ లాగడమూ ప్రమాదమే. పామ్‌లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం బలహీనపడి అణిగిపోయే జబ్బు ఎక్కువ. ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి.

చేయాల్సింది బెల్‌కు కొత్త అర్థం ఇవ్వడం. బెల్ అంటే ఎవరో వచ్చారని కాదు, చాప మీదికి వెళ్తే చికెన్ దొరుకుతుందని.

ముందు తిండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను కందిగింజంత ముక్కలు చేయండి. నాలుగు కిలోల కుక్కకు రోజుకు 20 గ్రాములు మించొద్దు, అంతమేర అన్నమో ప్యాకెట్ డాగ్‌ఫుడ్డో తగ్గించాలి. శాకాహారుల ఇళ్లలో పనీర్ వాడొచ్చు కానీ కొవ్వు ఎక్కువ కాబట్టి 10 గ్రాములతో ఆపండి. కూరలోంచి తీసి కడిగిన ముక్క పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం.

తర్వాత బెల్. ఇంటి బెల్ మోతను ఫోన్‌లో రికార్డు చేసుకుని, అతి తక్కువ వాల్యూమ్‌లో వినిపించండి. చెవులు రిక్కించాలి గానీ మొరగకూడదు, అదీ కొలత. మోగిన ఒక్క క్షణానికి ముక్క పెట్టండి. పూటకు 10 సార్లు, మూడు నాలుగు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. మోత వినగానే తలుపు వైపు కాకుండా మీ వైపు తిరిగి చూస్తోందంటే అర్థం పట్టిందన్నమాట. అప్పుడు వాల్యూమ్ ఒక మెట్టు పెంచండి. మొరిగితే తొందరపడ్డామని అర్థం, రెండు మెట్లు దిగండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. బెల్ మోగకముందే చెయ్యి జేబులోకి పోతుంది, కవరు గరగరమంటుంది. కుక్క ఆ చేతినే చూస్తుంది, బెల్‌ను పట్టించుకోదు. వారం తర్వాత "ఎంత చేసినా రాలేదు" అంటారు. ముక్కలు గిన్నెలో వేసి పక్కన బల్ల మీద పెట్టండి, చేతులు ఖాళీగా ఉంచుకోండి. ముందు బెల్, ఆపైనే చెయ్యి కదలాలి.

వైర్‌లెస్ బెల్ కొంటే పని ఇంకా సులువు. బటన్ మీ జేబులోనే ఉంటుంది, పైగా ట్యూన్ మార్చుకోవచ్చు. పాత మోతకు ఏళ్ల అలవాటు అంటుకుని ఉంటుంది, కొత్త ట్యూన్‌కు అదేమీ ఉండదు.

చాపను విడిగా నేర్పాలి. తలుపుకు ఏడెనిమిది అడుగుల దూరంలో చిన్న చాపో, మడత దుప్పటో వేయండి. దాని మీద ముక్క వేసి, నాలుగు కాళ్లూ పడగానే ఇంకొకటి పెట్టండి. "చాప" అన్న మాటకు పరుగున వెళ్లే దాకా చేశాక, బెల్, వెంటనే "చాప", ఆపై ముక్క. కొన్నాళ్లకు మాట అక్కర్లేదు, బెల్లే ఆ మాట అవుతుంది.

ఇక తలుపు. దీన్ని ముక్కలుగా విడగొట్టాలి. కుక్క చాప మీద ఉండగా ఒక అడుగు తలుపు వైపు వేసి, వెనక్కి వచ్చి ముక్క పెట్టండి. తర్వాత మూడు అడుగులు. తర్వాత గడియను ముట్టుకోవడం. గడియ "టక్" మనగానే చాలా కుక్కలు చాప వదిలేస్తాయి. అందుకే ఆ టక్కు ఒక్కదానికే రెండు మూడు రోజులు కేటాయించండి. ఆ తర్వాత తలుపు రెండంగుళాలు, బారెడు, బయట ఇంట్లోవాళ్లు, చివరికి పక్కింటివాళ్లు.

నేర్పే మూడు నాలుగు వారాలూ వచ్చినవాళ్లెవరూ బెల్ కొట్టకుండా చూడాలి. పాత పద్ధతిలో మొరిగిన ప్రతిసారీ పాత అలవాటే గట్టిపడుతుంది. తలుపుకు "బెల్ కొట్టకండి, ఫోన్ చేయండి" అని కాగితం అంటించండి, పాల సంచి బయట తగిలించండి, డెలివరీ యాప్‌లో అదే మాట రాయండి. అయినా ఎవరో ఒకరు నొక్కుతారు. అప్పుడు పాఠం వద్దు. కొన్ని ముక్కలు నేల మీద చల్లి, కుక్క ఏరుకుంటుండగా తలుపు తీసి పని కానివ్వండి.

బాల్కనీలోంచి వీధికుక్కల్ని చూసి మొరిగేదానికి గ్రిల్ కింది రెండడుగులు మూసేస్తే చాలావరకు తగ్గుతుంది. మీరు తినేటప్పుడు ముక్క కోసం మొరిగితే అస్సలు పెట్టకండి. మొదట్లో ఇంకా పెంచుతుంది, ఓర్చుకోవాలి. అయిదో నిమిషానికి పెడితే అయిదు నిమిషాలు మొరగడం నేర్పినట్టే. ఒంటరిగా వదిలితేనే ఏడ్చే కుక్కది వేరే సమస్య, ఈ చాప పాఠం దానికి పనిచేయదు. పదేళ్లు దాటిన కుక్క ఉన్నట్టుండి రాత్రిళ్లు మొరగడం మొదలెడితే నొప్పో, చెవుడో, మతిమరుపో కావచ్చు. పాఠాలకన్నా ముందు డాక్టరుకు చూపించండి.

కుదిరాక తిండి ఒక్కసారిగా ఆపొద్దు. రెండు బెల్లులకొకసారి, తర్వాత నాలుగింటికొకసారి. దీపావళి వారంలో మాత్రం మళ్లీ ప్రతి బెల్‌కూ ముక్క పెట్టండి. టపాకాయల చప్పుడుకు హడలిన కుక్క ఆ వారమంతా చిన్న మోతకే ఉలిక్కిపడుతుంది.