కుంటకు మళ్లీ నీళ్లొచ్చాయి

28 సెప్టెంబర్ 2025, ఆదివారం రాత్రి

చేతులు మూడుసార్లు సబ్బుపెట్టి కడిగినా వేళ్లకంటిన గులాబీ రంగు పోలేదు. పోకపోయినా ఫర్వాలేదు. అత్తమ్మ చేతులూ అట్లాగే ఉన్నాయి. అన్నం తిని ఇప్పుడే పడుకుంది. నాకు మాత్రం నిద్ర రావట్లేదు, అందుకే రాసుకుంటున్నా.

శుక్రవారం అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎట్లాగూ బతుకమ్మను పేర్చరు. పొద్దంతా వాన. రాత్రి టీవీ పెడితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ నీళ్లు వచ్చేశాయి. పండుగకు ఊళ్లకు బయల్దేరినవాళ్లు, చంకల్లో పిల్లలు, నెత్తిన బ్యాగులు, నడుము లోతు నీళ్లలో. ఎంతసేపు చూశామో తెలియదు, ఇంట్లో ఎవ్వరం మాట్లాడలేదు. శనివారం పొద్దునకు మూసారాంబాగ్ బ్రిడ్జి మూసేశారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రావాల్సిన మా ఆడబిడ్డ, "ఎట్ల రావాలె వదినా, తొవ్వ లేదు" అని ఫోన్‌లో ఒకటే బాధ. మా అంబర్‌పేట నుంచి ఆ బ్రిడ్జి ఎంత దూరమని!

పూలు దొరుకుతాయో లేదోనని నాకు వేరే టెన్షన్. శనివారం సాయంత్రం వాన తెరిపిచ్చాక రోడ్డు పక్కన ఒకామె గునుగు, తంగేడు కట్టలు పెట్టుకుని కూర్చుంది. కట్ట 50 రూపాయలు. బేరం చేయబుద్ధి కాలేదు. జొన్న చేలో గునుగు మొలిస్తే కలుపని పీకేస్తారు, తంగేడు బీడు భూముల్లో తనంతట తానే పూస్తుంది. ఎవరూ విత్తని, ఎవరూ నీళ్లు పోయని ఆ పూలనే ఆడవాళ్లు తొమ్మిది రోజులు దేవతగా పేర్చుకుంటారు. ఈ పండుగలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

కానీ గునుగు తడిసి ముద్దయింది. తడి గునుగుకు రంగు పట్టదు, పట్టినా నీళ్లలా కారుతుంది. హాల్లో పాత పేపర్లు పరిచి, ఒక్కో కాడ విడదీసి, ఫ్యాన్ కింద రాత్రంతా ఆరబెట్టాం. పొద్దున లేచి చూస్తే వెండి కుచ్చుల్లా మళ్లీ విచ్చుకుని ఉన్నాయి. కాడలన్నీ సమంగా కత్తిరించి, పిడికెడు పిడికెడు దారంతో కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచి దులపడం నా పని. పేర్చడం అత్తమ్మ పని. తను నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

సిబ్బి పళ్లెంలో గుమ్మడి ఆకులు పరిచి, వాటి మీద తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, మళ్లీ బంతి. పువ్వు బయటికి, కాడ లోపలికి. వరుస తిరిగిన ప్రతిసారీ నడుమ ఖాళీలో కత్తిరించిన కాడలు, ఆకుల తుక్కు కూరాలి. నేను కొంచెం తొందరపడ్డాను. అయిదో వరుసకు ఒక పక్క కుంగింది. "గట్ల కాదు బిడ్డా, లోపల నిండుగుంటెనే బయట నిలవడతది" అని అత్తమ్మ రెండు వరుసలు విప్పించి, చేత్తో నడుమ అదిమి చూపించింది. ఆ బొటనవేలు ఎంత నొక్కాలో అంతే నొక్కి ఆగుతుంది. నాకు ఆ చెయ్యి ఇంకా రాలేదు. నేర్చుకోవాలి, తప్పకుండా నేర్చుకోవాలి. పైన గుమ్మడి పువ్వు, పక్కన తమలపాకులో పసుపు గౌరమ్మ. నువ్వుల ముద్దలు డబ్బాలో సర్దాను.

ఎప్పుడూ మా గల్లీలోనే ఆడేవాళ్లం. చివర్న ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి బతుకమ్మలు అందులో వదిలేవాళ్లం. ఈసారి బతుకమ్మ కుంటకు పోవాలని అత్తమ్మ నెల రోజుల నుంచి అంటూనే ఉంది.

నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ బతుకమ్మ కుంట అంటే ఆటోవాళ్లకు చెప్పే గుర్తు, ఒక బస్తీ పేరు. కుంట మాత్రం కళ్లకు కనపడేది కాదు. మట్టి దిబ్బలు, కూలగొట్టిన ఇళ్ల చెత్త, ముళ్ల పొదలు. ఆ జాగాలో మళ్లీ నీళ్లు నిలుస్తాయని అనుకోలేదు. కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు ఏళ్ల తరబడి దాని కోసం కొట్లాడుతున్నారని పేపర్లో చదివేదాన్ని, అంతే. ఈ ఫిబ్రవరిలో, చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వాళ్లు తవ్వడం మొదలుపెడితే కొన్ని అడుగుల లోతుకే నీళ్లు ఉబికి వచ్చాయి. పైపు పగిలిందేమోనని కొందరన్నారు. కాదు, ఊటే అని తేలింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి, "ఏడికి పోతదే నీళ్లు, ఆడనే ఉంటది" అంది. ఆ మాట నాకు మూసీ వార్తలు చూసినప్పుడల్లా గుర్తొస్తోంది. నీళ్లకు తమ జాగా తెలుసు. మనమే మరిచిపోయి దాని మీద ఇళ్లు కట్టుకున్నాం.

ముందు అనుకున్న రోజు వానల వల్ల తప్పిపోయి, ఈ సాయంత్రం ముఖ్యమంత్రి వచ్చి కుంటను ప్రారంభించారు. రోడ్డంతా జనం, పోలీసులు, మైకులు. ఆడబిడ్డ కూడా ఎట్లాగో చుట్టూ తిరిగి వచ్చేసింది. ఆ సందడి తగ్గేదాకా మేం బయటే ఉన్నాం. సిబ్బి బరువుకు నా భుజాలు లాగుతున్నా అత్తమ్మ కింద పెట్టనివ్వలేదు.

లోపలికి వెళ్లాక తను కాసేపు ఎటూ కదల్లేదు. ఒడ్డు పొడవునా చూస్తోంది. చుట్టూ నడిచే బాట, లైట్లు, అవతల అపార్టుమెంట్లు. పెళ్లయిన కొత్తలో వాళ్ల అత్తగారితో వచ్చినప్పుడు ఒక పెద్ద చెట్టు ఉండేదట, దాని పక్కనుంచి దిగేవాళ్లట. ఆ చెట్టు ఎక్కడుండేదో ఆనవాలు పట్టాలని చూసింది. దొరకలేదు. కుంట కూడా అప్పుడు ఇంతకంటే చాలా పెద్దదట. "ఇంతన్న దక్కింది" అని తనే అనుకుని నా చెయ్యి పట్టుకుంది.

తెలియనివాళ్ల మధ్యనే బతుకమ్మ పెట్టాం. ఒక పదిహేను ఇరవై బతుకమ్మలు, చుట్టూ మేము. ఎవరో పెద్దామె పాట ఎత్తుకుంది, మేమంతా ఉయ్యాలో అని అందుకున్నాం. మైకు పాట కాదు. నోటి పాట, చప్పట్ల పాట. వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే పక్కనున్న అమ్మాయి అడుగు తప్పి నా మీద పడింది. ఐటీలో చేస్తుందట, అమ్మావాళ్లు కరీంనగర్‌లో, ఈసారి సెలవు దొరకలేదట. నువ్వుల ముద్ద చేతిలో పెడితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు మా ఇంటికి రమ్మని అత్తమ్మ అడ్రస్ చెప్పేసింది. సద్దులు సోమవారమా, మంగళవారమా అని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇంకా తేలలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి, మరిచిపోకూడదు.

గౌరమ్మను తీసి కొంగున కట్టుకుని, అత్తమ్మ బతుకమ్మను నీళ్ల మీదికి వదిలింది. వెంటనే పోలేదు. ఒడ్డునే కొంచెం ఊగి, వెనక్కి వచ్చి, మళ్లీ ఊగింది. అత్తమ్మ వంగి అరచేత్తో నీళ్లను మెల్లగా నెట్టింది, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు. అప్పుడు కదిలింది. పది అడుగుల దూరం పోయాక గునుగు రంగు కొద్దికొద్దిగా నీళ్లలో కలుస్తూ కనిపించింది. వచ్చే ఏడు రంగు వేయకుండా తెల్ల గునుగునే పేర్చాలనిపించింది నాకు. ఆ మాటే అంటే అత్తమ్మ తలూపింది.

పోయేముందు ఖాళీ సిబ్బిని కుంట నీళ్లలోనే కడిగింది. ఇంటికొచ్చేదాకా నీళ్లు చీర మీద కారుతూనే ఉన్నాయి. నేను పాత టవల్ తెచ్చి తుడవబోతే సిబ్బిని దగ్గరికి లాక్కుని, "తుడవకు, అట్లనే ఆరనియ్యి" అంది. దేవుడి అర్రలో గోడకు ఆనించి ఉంది ఇప్పుడు. కింద గచ్చు మీద ఇంకా తడి.