కాలికో రకం సాక్స్

ఇవాళ కుడికాలికి ఒక రకం, ఎడమకాలికి ఇంకో రకం సాక్స్ వేసుకుని కొండదారి పట్టాను. కుడివైపుది సన్నటి మెరినో ఉన్నిలో నైలాన్, సాగడానికి కొద్దిగా స్పాండెక్స్ కలిపి అల్లింది. ఎడమవైపుది రెండు పొరల పాలియెస్టర్. రెండూ చీలమండ దాటి పైకి వచ్చేవే, సైజూ ఒకటే. సాక్స్‌ని పోల్చి చూడటానికి నేను బాగా నమ్మేది ఈ పద్ధతినే. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి వేసుకుని చూస్తే ఎండ మారుతుంది, దారిలో తడి మారుతుంది, రాత్రి పట్టిన నిద్రని బట్టి మన అడుగు కూడా మారుతుంది. ఇక సాక్స్ సంగతి విడిగా ఎలా తేలుతుంది? ఒకే పరుగులో అయితే రెండు కాళ్లకీ అదే ఎక్కుడు, అదే దిగుడు. ఎవరి రెండు పాదాలూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి ఇంకోసారి కాళ్లు మార్చి కూడా వేసుకోవాలి. ఆ తర్వాతే ఏదైనా గట్టిగా చెప్పగలం.

వేసుకునే ముందు రెండింటినీ తిరగేసి, వేళ్ల దగ్గర కుట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకి బొటనవేలి గోరుతో గీసి చూశాను. ఉన్నిదాంట్లో గోరు ఎక్కడా తగలకుండా సాఫీగా వెళ్లిపోయింది. పాలియెస్టర్‌దాంట్లో కుట్టు ముగిసేచోట, సరిగ్గా చిటికెన వేలి పక్కకి వచ్చేచోట, ఆవగింజంత ముడి తగిలింది. చేత్తో చూస్తే ఏమీ కాదనిపిస్తుంది. కానీ గంటల తరబడి పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, బూటులో వేళ్లకి చోటు తగ్గుతుంది, ఆ ముడి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొనేటప్పుడు అందరూ మెత్తదనం చూస్తారు. నేనైతే ముందు కుట్టు, తర్వాత మడమ చూస్తాను. మడమ కోసం వంపు తిప్పి అల్లిన భాగం సరిగ్గా మడమ మీదే కూర్చోవాలి. అది పైకి జరిగి వెనక నరం మీద ఉంటే సైజు పెద్దదన్నమాట. ఆ మిగులు బట్టే తర్వాత మడతలు పడి ఏడిపిస్తుంది.

మొదటి గంట గురించి రాయడానికేమీ లేదు. కొత్త సాక్స్ ఏదైనా మొదటి గంట హాయిగానే ఉంటుంది.

ఎక్కుడు మధ్యలో, ఈ దారిలో తరచూ కనిపించే పెద్దాయన కలిశారు. నా కాళ్ల వైపు చూసి, "ఏమ్మా, చీకట్లో చూసుకోకుండా వేసుకొచ్చావా?" అన్నారు. "కావాలనే బాబాయ్ గారూ, రెంటికీ తేడా చూద్దామని" అన్నాను. ఆయన ఏళ్లుగా వేలికి వేలు విడిగా అల్లిన సాక్స్ తప్ప ఇంకోటి ముట్టరు. "వేళ్ల సందుల్లో పొక్కులొచ్చేవాళ్లకి ఇంతకు మించింది లేదమ్మా. తొడుక్కోవడానికే కాస్త ఓపిక కావాలి" అని ముందుకి సాగిపోయారు. నిజమే, వేళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా మధ్యలో బట్ట అడ్డం ఉంటుంది. కాకపోతే ప్రతి సందులోనూ రెండు వరసల బట్ట చేరుతుంది కాబట్టి బూటు ముందుభాగం వెడల్పుగా ఉండాలి. నాకు వేళ్లతో ఇబ్బంది లేదు. నా బాధంతా మడమతోనూ, బొటనవేలి కింది కండతోనూ.

వాగు దగ్గర రాళ్ల మీదుగా దాటే వీలున్నా నీళ్లలోకే దిగాను. పొడిగా ఉన్నంతసేపూ సాక్స్ మంచిచెడ్డలు బయటపడవు. తడిశాక బూటులో ఏం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. ఒడ్డెక్కి పరుగందుకున్నాక ఎడమకాలు త్వరగా తేలికపడింది. నీళ్లు బూటు జాలీలోంచి చిమ్ముకుంటూ పోయాయి, కాసేపటికి చప్పుడు కూడా ఆగింది. కుడికాలు చాలాసేపు బరువుగానే ఉంది. ఇది పోగు స్వభావం. పాలియెస్టర్ పోగు తన బరువులో ఒక శాతం తేమని కూడా లోపలికి తీసుకోదు. నైలాన్ అంతకన్నా కాస్త ఎక్కువ తీసుకుంటుంది. మెరినో అయితే దాదాపు మూడోవంతు దాకా తనలో దాచుకోగలదు. అందుకే ఉన్ని ఆరడానికి టైం పడుతుంది, కానీ లోపల ఎంతో కొంత చెమ్మ ఉన్నా చర్మానికి చిత్తడిగా, చల్లగా అనిపించదు. ఇవాళా అంతే. బరువు కుడికాలిది, చలి ఎడమకాలిది. నూలు సాక్స్ మాత్రం దూరాలకి వద్దే వద్దు. తడిని పట్టుకుంటుంది, వదలదు, పైగా సాగి జారుతుంది.

దిగుడు మొదలయ్యాక అసలు కథ. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ పాదం బూటులో ముందుకి తోసుకొస్తుంది. కాసేపటికి ఎడమకాలి వేళ్ల కింద ఏదో ఉండలా చేరినట్టయింది. ఓ బండ మీద కూర్చుని బూటు విప్పితే, బయటి పొర బాగానే ఉంది, లోపలి పొర మాత్రం తడిసి ముందుకి జరిగి రెండో వేలి మొదట్లో మడత పడింది. దాన్ని తీసి చూస్తే చర్మం మీద మడత అచ్చు ఎర్రగా, వేలి వెడల్పున గీత గీసినట్టు పడి ఉంది. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడింది. మంట లేదు, ఇంకా పొక్కు కాలేదు. సర్ది, లేసు బిగించి లేచాను. ఆ స్థితిలో "ఇంకెంత, దిగేస్తే అయిపోతుందిగా" అనుకుంటూ ఆగకుండా పోయేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రెండు నిమిషాలు ఆగితే పోయేదానికి వారం రోజులు కుంటడం ఎందుకు?

పొక్కు అంటే పైచర్మం బట్టకి రాసుకుని లేచేదనే చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. ఎడమచేతి వెనక భాగం మీద కుడిచేతి వేలు గట్టిగా ఆనించి అటూ ఇటూ కదిపి చూడండి. వేలు జారదు, దాని కింద చర్మమే కదులుతుంది. బూటులోనూ అంతే. సాక్స్ చర్మాన్ని పట్టుకుని ఉంటుంది, లోపల ఎముక ముందుకీ వెనక్కీ కదులుతుంది, ఆ లాగుడుకి పైచర్మం లోపలి పొరలు విడిపోయి ఆ ఖాళీలో నీరు చేరుతుంది. రెండు పొరల సాక్స్ తయారీ వెనక ఉన్న ఆలోచన ఇదే: ఆ జారుడేదో చర్మం లోపల కాకుండా రెండు బట్టల మధ్యే జరిగిపోవాలని. మంచి ఆలోచనే. పొడిగా ఉన్నంతసేపూ, మడమ దగ్గరైతే తడిలో కూడా, అది ఇవాళ చక్కగా పని చేసింది. ఎడమ మడమ మీద చిన్న మచ్చ కూడా లేదు.

ఇంకో సంగతి, పూర్తిగా పొడిబారిన చర్మం కన్నా చెమ్మగా ఉన్న చర్మమే బట్టని ఎక్కువ అంటిపెట్టుకుంటుంది. చెమటని తగ్గిస్తే పొక్కులు తగ్గుతాయా అని అమెరికాలో సైనిక విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం 1998లో వచ్చింది. 21 కిలోమీటర్ల నడకకి ముందు కనీసం మూడు రాత్రులు పాదాలకి చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాసుకున్నవాళ్లలో 21 శాతం మందికి పొక్కులొస్తే, మందు లేని ద్రావణం రాసుకున్నవాళ్లలో 48 శాతం మందికి వచ్చాయి. తేడా పెద్దదే. కానీ ఆ మందు వాడినవాళ్లలో 57 శాతం మందికి చర్మం చిరచిరలాడింది, రెండో జట్టులో అది 6 శాతమే. అందుకే నేను మందు జోలికి పోను. తడిని బయటికి పంపే సాక్స్, కాలికి సరిపోయే సైజు, దారిలో మార్చుకోవడానికి పొడి జత, వీటితోనే నెట్టుకొస్తాను.

ఇంటికొచ్చాక రెండింటినీ పిండి తూచాను. ఉన్నిదాంట్లో నీళ్ల బరువు ఇంకా గట్టిగానే ఉంది, పాలియెస్టర్ దాదాపు పొడి బరువుకి దగ్గరగా వచ్చేసింది. వాసనలో మాత్రం తలకిందులు: పాలియెస్టర్‌ని వెంటనే బకెట్లో పడేయాల్సి వచ్చింది, ఉన్ని అంత కంపు కొట్టలేదు. తిరగేసి దులిపితే రెండింట్లోంచీ ఇసుక రాలింది. అరికాలి దగ్గర లోపలివైపు మెత్తదనం కోసం వేసే దారపు ఉంగరాల్లో సన్నటి రేణువులు ఇరుక్కుపోతాయి, ఉతికితే తప్ప పోవు. అవే లోపలి నుంచి సాక్స్‌నీ కాలినీ కలిపి అరగదీస్తాయి. లోపలికి ఇసుక పడేలా పొట్టి సాక్స్ వేసుకుని మట్టిదారుల్లో పరిగెత్తేవాళ్లని చూస్తే ఆపి చెప్పాలనిపిస్తుంది.

పనిలో పనిగా పాత మెరినో జత తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. మడమ దగ్గర ఉన్ని మొత్తం అరిగిపోయింది, నైలాన్ పోగులు మాత్రం జాలీలా మిగిలాయి, వాటిలోంచి వెలుతురు గళ్లు గళ్లుగా కనిపిస్తోంది. ఉన్నిలో నైలాన్ ఎందుకు కలుపుతారో ఇంతకన్నా బాగా చూపించేది లేదు. నైలాన్ లేకపోతే అక్కడ ఎప్పుడో చిల్లు పడేది. బట్ట మన్నికని మార్టిండేల్ యంత్రం మీద చిల్లు పడేదాకా రుద్ది లెక్కపెడతారు. ఆ అంకె కాస్త పనికొస్తుంది గానీ, చెమట ఉప్పూ ఇసుకా కలిసి మడమ దగ్గర చేసే పని వేరు.

రాత్రికి నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: పొడిదారి, ఎక్కువ ఎండ ఉంటే రెండు పొరలది. తడిదారి, చలి, పొడుగు దిగుళ్లు ఉంటే ఉన్నిదే. చిటికెన వేలి దగ్గర ముడి ఇవాళ ఏమీ చేయలేదు, ఇంకా దూరం పోతే చూడాలి. రెండింటినీ తిరగేసి చల్లనీళ్లలోనే ఉతికాను, ఫాబ్రిక్ కండిషనర్ వేయలేదు. అది పోగుల మీద పూతలా పట్టి, తడిని పీల్చి పంపే గుణాన్ని చంపేస్తుంది. ఎండలో కాకుండా నీడన, గాలి తగిలేచోట ఆరేశాను. పాత జతని మాత్రం దూరపు పరుగుల లెక్కలోంచి తీసేశాను. మడమ దగ్గర అంత పల్చబడ్డాక అది చిన్న నడకలకే.