ఎత్తంటే భయపడే నేను ఓడలో బాల్కనీ గదిని ఎంచుకున్న తీరు

సియాటిల్ నుంచి అలాస్కాకు వారం రోజుల ఓడ ప్రయాణం అనుకున్నప్పుడు, కిటికీ కూడా లేని లోపలి గది తీసుకుందామని మా వారు మొదటే అన్నారు. నా భయం ఆయనకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. రాజమండ్రిలో మా పుట్టింటి మేడ మీద కూడా నేను పిట్టగోడకు రెండు గజాల ఇవతలే ఆగిపోతాను. అయితే ఈసారి మాతో అత్తయ్యగారు కూడా వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ పై డెక్ మీద జనం మధ్య గంటల తరబడి నిలబడలేరు. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఆవిడ హిమానీనదాన్ని చూడాలంటే బాల్కనీ తప్పదు, ఆ సమయంలో ఆవిడ పక్కన నేనూ ఉండాలన్నది నా కోరిక. కనుక నేను భరించగలిగే బాల్కనీ ఏదో వెతుక్కోవడమే మిగిలింది.

ఎత్తైన చోట కళ్ళు ఎందుకు తిరుగుతాయో తెలుసుకోవడం ఈ వెతుకులాటలో నాకు ఎంతో మేలు చేసింది. మనం కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా శరీరం కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. దగ్గరలో కదలని వస్తువేదైనా కనిపిస్తుంటే ఆ ఊగును కన్ను పసిగడుతుంది, శరీరం సర్దుకుంటుంది. ఎత్తున, అంచు దగ్గర, కంటికి కనబడేవన్నీ దూరంగా ఉంటాయి కనుక ఆ ఆసరా తగ్గిపోయి ఊగు పెరుగుతుంది. కూర్చున్నప్పుడు, గోడకు వీపు ఆనించినప్పుడు, చేతికి గట్టిదేదైనా తగిలినప్పుడు భయం తగ్గేది అందుకే. మా మేడ పిట్టగోడ నిండుగా ఇటుకలతో కట్టినది కాబట్టే ఆ రెండు గజాల దూరం దాకానైనా వెళ్ళగలుగుతున్నానని, ఊచల రెయిలింగ్ ఉన్న మేడల మీదికి నేను అసలు ఎక్కనే ఎక్కనని అప్పుడు గుర్తుకొచ్చింది.

వీలైనంత కింది డెక్‌లో గది దొరికితే చాలని మొదట్లో అనుకున్నాను. మేము చూస్తున్నది ప్రిన్సెస్ సంస్థకు చెందిన గ్రాండ్ తరగతి ఓడ, అంటే ఒకే నమూనాలో కట్టిన ఓడల్లో ఒకటి. దానిలో 8వ డెక్‌లోని చాలా కిటికీలకు లైఫ్ బోట్లు అడ్డువస్తాయి. ఆ పైన 9, 10, 11 డెక్‌ల బాల్కనీలు మెట్ల వరుసలా ఉంటాయి. 9వ డెక్ బాల్కనీ అన్నిటికన్నా బయటికి చొచ్చుకువచ్చి ఆకాశానికి తెరిచి ఉంటుంది, 10వ డెక్‌ది కొంత వెనక్కి జరిగి సగం కప్పుతో ఉంటుంది, 11వ డెక్‌ది ఇంకా వెనక్కి జరిగి పూర్తి కప్పుతో ఉంటుంది. 10వ డెక్ నుంచి పొరపాటున కిందికి చూసినా చూపు నేరుగా సముద్రంలోకి జారిపోదు, ఒక్క అంతస్తు కింద ఉన్న బాల్కనీ నేల మీద ఆగుతుంది. డెక్ అంకె కన్నా రెయిలింగ్ కింద మొదట ఏమి కనబడుతుందన్నదే నాకు ముఖ్యమని ఓడ పటం చూశాక స్పష్టమైంది. పై అంతస్తు వారికి మన బాల్కనీ కనబడుతుందని కొందరు ఆ గదులను ఇష్టపడరు, నాకు అది పట్టింపు కాలేదు. ఊపు తక్కువగా ఉంటుందని 10వ డెక్‌లోనే ఓడ నడిమి భాగంలో గది తీసుకున్నాము.

టికెట్లు చూసిన ఏజెంటు, గది నంబరును ఓడ సంస్థే తర్వాత నిర్ణయించే గ్యారంటీ ధర చవకని ఎంతో నచ్చజెప్పబోయారు. ఇలాంటి భయం ఉన్నవారు ఆ చవకకు లొంగవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వారికి కావలసినదంతా ఆ గది ఎక్కడ ఉందన్నదానిలోనే ఉంది.

అమెరికా రేవుల నుంచి నడిచే పెద్ద ప్రయాణికుల ఓడల్లో రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, అంటే సుమారు 107 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని 2010 నాటి చట్టం చెబుతోంది. అయిదడుగుల రెండంగుళాల నాకు అది నడుము దాటి పైకే వస్తుంది. పడిపోతానన్న ఆలోచనకు ఆ కొలత సమాధానం చెప్పింది గాని, రెయిలింగ్ కింది పలకలు పారదర్శకంగా ఉండటం వల్ల అరికాళ్ళలో జలదరింపు మాత్రం పోలేదు. పలకలకు అడ్డంగా దుప్పటి కట్టవచ్చా అని గది చూసుకునే అబ్బాయిని అడిగితే, రెయిలింగ్ మీద ఏ బట్టా వేయకూడదన్నాడు. గాలికి ఎగిరిపోవచ్చు, నిప్పంటుకోవచ్చు కనుక ఆ నియమం సరైనదే. అప్పుడు కుర్చీని గది గోడకు ఆనించి, చిన్న బల్లను పాదాల ముందు పెట్టుకున్నాను. పక్క గదికి మధ్య ఉన్న అడ్డుపలక భుజానికి దగ్గరగా ఉండేలా ఆ మూలనే కూర్చున్నాను. మొదటి రోజు పది నిమిషాలు కూర్చోగలిగాను, మూడో రోజుకు కాఫీ పూర్తిగా తాగగలిగాను.

నడి సముద్రంలో కన్నా రేవులో ఆగినప్పుడే భయం ఎక్కువైంది. నీటికి కొలత తెలియదు గాని, కింద కాంక్రీటు మీద చీమల్లా నడిచే మనుషులను చూస్తే ఎంత ఎత్తున ఉన్నామో క్షణంలో తెలిసిపోతుంది. అందుకని కెచికన్‌లోను, జూనోలోను ఓడ కట్టి ఉన్నంతసేపు తెర వేసే ఉంచాను. గ్లేసియర్ బేలో మాత్రం హిమానీనదం ముందు ఓడ మెల్లగా తిరుగుతున్నంతసేపు అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మంచు విరిగి నీళ్ళలో పడిన చప్పుడుకు ఆవిడ “అబ్బ, ఉరుములా ఉందే అమ్మాయ్” అన్నారు. నేను కూడా కళ్ళు తెరిచే చూశాను.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలికీ ఇదే భయం. గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే కార్నివాల్ బ్రీజ్ అనే ఓడలో 2వ డెక్ మీద కోవ్ బాల్కనీ అనేవి ఉంటాయి. అవి ఓడ ఉక్కు దేహంలోనే తొలిచినట్టు ఉంటాయి, ముందు గాజుకు బదులు ఇనుప గోడ ఉంటుంది, నీరు బాగా దగ్గర. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు వాటిని మూసివేయవచ్చని కూడా చెప్పి, ముందు ఆ గదులే చూడమన్నాను.