స్టార్ పరీక్ష, వ్యాసంలో సున్నాలు: టెక్సాస్ బడిలో నా అనుభవం

టెక్సాస్ రాష్ట్రం పెట్టే ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ స్టార్ పరీక్ష ఈ వారమే అయిపోయింది. పిల్లలు బాగా రాశారన్న నమ్మకం ఉంది, ఊరటగానూ ఉంది. జనవరి మీటింగులో జరిగినదాని మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చల్లారితే సగం మాటలు రాయకుండా వదిలేస్తానని ఇప్పుడే కూర్చున్నాను.

నేను డాలస్‌కు ఉత్తరాన ఒక మిడిల్ స్కూల్లో ఈఎస్ఎల్ (ఇంగ్లీష్ మాతృభాష కాని పిల్లలకు ఇంగ్లీష్ నేర్పే) టీచర్‌ని. ఒంగోలులో జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పి, ఇక్కడికి వచ్చాక టెక్సాస్ సర్టిఫికెట్ పరీక్షలు రాసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఇంగ్లీష్ క్లాసులో వెనకబడకుండా చూడటం, వాళ్లని ఏప్రిల్ పరీక్షకు ఎలా తయారుచేయాలో ఇంగ్లీష్ టీచర్లతో కలిసి ప్లాన్ చేయడం నా పని. మా బళ్లో తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు.

ఈ పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. టెక్సాస్‌లో మూడు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లు ఏటా ఇంగ్లీష్, లెక్కలు రాయాలి. హైస్కూల్లో ఇంగ్లీష్ 1, ఇంగ్లీష్ 2 ఉంటాయి. 2023లో పరీక్షను మార్చారు. దాదాపు అందరూ కంప్యూటర్ మీదే రాస్తారు, బిట్లు 75 శాతానికి మించకూడదు, మూడో తరగతి నుంచే ప్రతి ఏడూ ఒక పెద్ద వ్యాసం రాయాలి. ఆ వ్యాసం దగ్గరే మా కథంతా.

దానికి ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో టెల్పాస్ ఉంటుంది. ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం మీద పెట్టే పరీక్ష అది. హెడ్‌సెట్లు పెట్టుకుని గదిలో పిల్లలంతా ఒకేసారి మాట్లాడుతుంటే సిగ్గరి పిల్లలు గొంతు తగ్గించేస్తారు. ముందే అలవాటు చేశాం కాబట్టి సాఫీగా గడిచింది.

ఇక్కడ మన తెలుగు తల్లిదండ్రులకు గట్టిగానే ఒక మాట చెప్పాలి. అడ్మిషన్ అప్పుడు ఇచ్చే ఫారంలో ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషేనని రాసేస్తారు. లేదంటే ఈఎస్ఎల్ వద్దని సంతకం పెడతారు. "మేడం, మావాడు అక్కడ ఇంటర్నేషనల్ స్కూల్లో చదివాడండీ, వాడికి ఈ ప్రోగ్రామ్ ఎందుకు?" అని ఒక తండ్రి నన్నే నిలదీశారు. అలా సంతకం పెట్టినా టెల్పాస్ రాయడం తప్పించుకోలేరు. ఇంగ్లీష్ వచ్చేసిందని బడి తేల్చేదాకా ఏటా రాయాల్సిందే. పోయేది టీచర్ సాయం ఒక్కటే. పిల్లవాడి పేరు పక్కన ఈఎస్ఎల్ అని ఉంటే పరువు పోతుందనుకోవడం తప్పు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇక జనవరి సంగతి.

సెలవుల తర్వాత మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి బళ్లన్నిటినీ నడిపే సంస్థ) వాళ్లు మాక్ పరీక్ష పెట్టారు. దిద్దించింది కూడా వాళ్లే. వారం తిరక్కుండా మీటింగ్ పెట్టి, ఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి తెర మీద రంగుల పట్టిక వేశారు. ఒక్కో టీచర్ పేరు, దాని కింద పిల్లల వ్యాసం మార్కులు. సున్నాలకు ఎర్ర రంగు. మా ఈఎస్ఎల్ పిల్లల వరుసలన్నీ ఎర్రగానే ఉన్నాయి. ఆ అధికారి వాటిని చూపించి, "ఈ పిల్లలకు ఇంగ్లీషే రాదు, వీళ్ల దగ్గర వ్యాసం గురించి టైమ్ వేస్ట్ చేయకండి, బిట్ల మీద పెట్టండి" అన్నారు.

నేను చెయ్యెత్తాను. వాళ్లలో ఖమ్మం నుంచి వచ్చిన ఒక అబ్బాయి వ్యాసం అప్పటికే నా చేతిలో ఉంది. నగరాల్లో మేడల మీద తేనెటీగలు పెంచడం గురించి పాఠం ఇచ్చి, దాని వల్ల లాభమేమిటో వివరించమని అడిగారు. వాడు తాతగారి ఊళ్లో తేనె తీయడం గురించి రాశాడు. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, స్పెల్లింగు తప్పులు లేవు. కానీ ఇచ్చిన పాఠంలోంచి ఒక్క ముక్క కూడా తీసుకోలేదు. "వీడికి ఇంగ్లీష్ వచ్చు, ఈ సున్నా ఇంగ్లీష్ రానందుకు పడలేదు" అని చెప్పబోయాను.

ఆ అధికారి నా మాట పూర్తి కానివ్వలేదు. "మీరు వేరే దేశంలో చదువుకున్నారు కదా, వ్యాసం సంగతి ఇక్కడ పుట్టి పెరిగిన టీచర్లకు వదిలేద్దాం" అన్నారు. ఇరవై మందికి పైగా ఉన్న గదిలో ఎవరూ నోరు మెదపలేదు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఒంగోలులో నా క్లాసులో కూర్చున్న పిల్లలు ఈరోజు ఇంగ్లీష్ లెక్చరర్లుగా ఉన్నారు. ఆ మాట అక్కడే అనాలనిపించింది. కానీ గొడవైతే నష్టపోయేది పిల్లలని ఊరుకున్నాను. పది నిమిషాలు ఆ ఎర్ర రంగు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ వెబ్‌సైట్లో పెట్టిన స్కోరింగ్ గైడ్లు తీసి చదివాను. గత పరీక్షల్లో పిల్లలు రాసిన అసలు వ్యాసాలు, వాటికి పడిన మార్కులు, ఎందుకు పడ్డాయో వివరాలు అన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. విషయం, దాన్ని పేర్చిన తీరు కలిపి మూడు మార్కులు. వ్యాకరణం, స్పెల్లింగు వంటివాటికి రెండు. ఆ అయిదును రెట్టింపు చేస్తే పది. అసలు కిటుకు మరోచోట ఉంది. విషయంలో సున్నా వస్తే భాషకూ సున్నానే వేస్తారు. భాష ఎంత బాగున్నా లెక్కలోకి రాదు. ఖమ్మం పిల్లవాడికి జరిగింది అదే. రంగుల పట్టిక చూసినవాళ్లకు అది ఇంగ్లీష్ రాని పిల్లవాడి సున్నాలా కనబడింది.

మన పిల్లలు ఇలా ఎందుకు రాస్తారో నాకు బాగా తెలుసు. మన దగ్గర వ్యాసం అంటే మంచి కొటేషన్‌తో మొదలుపెట్టి, తెలిసినదంతా రాసి, సొంత అనుభవం జోడించడం. దానికి మార్కులు వేసి మెచ్చుకుంటాం. స్టార్‌లో అడిగేది వేరు. ఇచ్చిన పాఠం చదివి, ఒక మాట గట్టిగా చెప్పి, దాన్ని ఆ పాఠంలోని ఆధారంతోనే నిలబెట్టాలి. ఇంగ్లీష్ వచ్చిన పిల్లవాడికి ఈ తేడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకుండా "వీడికి భాష రాదు" అని చీటీ అంటించడం అన్యాయం.

మర్నాడు ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ టీచర్లిద్దరి దగ్గరికీ వెళ్లి గైడ్‌లో ఆ నియమం చూపించాను. మీటింగులో మౌనంగా ఉన్నందుకు ఒకావిడ క్షమాపణ చెప్పింది. ఆ పూటే పని మొదలుపెట్టాం. వ్యాసం కోసమంటూ ఆఫీసు నుంచి వచ్చిన ఖాళీలు పూరించే నమూనా పక్కన పెట్టాం. అది బట్టీ పట్టిన పిల్లలు ఏ పాఠమిచ్చినా అవే మొదటి వాక్యాలు రాస్తారు. దాని బదులు గైడ్‌లోని అసలు వ్యాసాల మార్కులు దాచి పిల్లల చేతే దిద్దించాం. ఒకటి వచ్చిన వ్యాసానికి, మూడు వచ్చిన వ్యాసానికి తేడా వాళ్లే పట్టుకున్నారు. ఆధారాల కింద పచ్చ గీత గీయమన్నాం. ఖమ్మం పిల్లవాడు తన తేనె వ్యాసంలో గీత గీయడానికి ఏమీ దొరక్క, తల ఎత్తి నవ్వి, పాఠం మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. నాలుగో వ్యాసానికి వాడు మూడుకు మూడు తెచ్చుకున్నాడు. గర్వంగా చెబుతున్నాను, ఆ మార్పు తెచ్చింది మేం ముగ్గురం. ఫిబ్రవరి చివర్లో మా పద్ధతి కాగితాలు మిగతా బళ్లకు పంపమని అదే ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. పంపాను, అడుగున మా ముగ్గురి పేర్లూ రాసి మరీ పంపాను.

స్టార్ వ్యాసాల్ని ముందుగా దిద్దేది కంప్యూటర్ ప్రోగ్రామ్. 2023 డిసెంబరు నుంచి ఇలా చేస్తున్నారు. సుమారు పావు వంతు జవాబుల్ని మళ్లీ మనుషులు చూస్తారు. ఈ పద్ధతి నాకు ఇష్టం లేదు. పదమూడేళ్ల పిల్లవాడు తలబాదుకుని రాసినదాన్ని కనీసం ఒక మనిషైనా చదవాలి.

డిక్షనరీ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. ఇంగ్లీష్ పరీక్ష గదిలో అయిదుగురికి ఒకటైనా డిక్షనరీ ఉండాలి. రెండు భాషల డిక్షనరీ కూడా వాడుకోవచ్చు, కానీ అందులో మాటకు మాట మాత్రమే ఉండాలి. వివరణలు, ఉదాహరణ వాక్యాలు ఉండకూడదు. మన ఇళ్లలో ఉండే ఇంగ్లీష్-తెలుగు నిఘంటువులు చాలావరకు అందుకే పనికిరావు. మార్చిలోనే బడిని అడగండి. ఏప్రిల్‌లో అడిగితే సారీ అంటారు.

పరీక్ష రోజున చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రహస్యం కాపాడతామని ప్రమాణం మీద సంతకాలు పెట్టాం, తెర మీది ప్రశ్నలు చూడకుండా గదంతా తిరిగాం. పిల్లలకు బడి టైమ్ అయ్యేదాకా సమయం ఉంటుంది. ఖమ్మం పిల్లవాడు చివరిదాకా కూర్చున్నాడు.

2027-28 నుంచి స్టార్ పోయి, ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు వస్తాయని 2025లో చట్టం చేశారు. అప్పటిదాకా ఈ పిల్లలు దీన్నే రాయాలి.

ఫలితాలు జూన్‌లో వస్తాయి. తల్లిదండ్రులు మొత్తం స్కోరు చూసి వదిలేయకండి. రిపోర్ట్ కార్డు మీద ఉండే కోడ్‌తో రాష్ట్రం వెబ్‌సైట్లో లాగిన్ అయితే మీ పిల్లలు రాసిన వ్యాసం, దానికి పడిన మార్కులు కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సున్నా అన్యాయంగా పడిందనిపిస్తే బడి ద్వారా మళ్లీ దిద్దమని అడగొచ్చు. ఫీజు 50 డాలర్లు, మార్కు పెరిగితే అది కట్టక్కర్లేదు.